బొమ్మను నిలబడనిస్తే గదా!

ఈ మధ్య వ్యాపార ప్రకటన ఏది చూసినా నాకు కళ్లు తిరుగుతున్నయి. బీపీ అనుకునేరు, ఆ పరీక్ష కూడ అయింది. బిందె వస్తది, గిర్రున తిరుగుతది, పలిగి ముక్కలై రాలిపోతది. దాని వెనుక కుక్కర్ ఎగురుకుంట వస్తది. ఫోన్ నంబరు కింది నుంచి లేచి, చివరి అంకె ఆరో తొమ్మిదో తేల్చుకునే లోపల పైకి పోతది. మధ్యలో నిప్పురవ్వలు, నక్షత్రాలు, డమడమ సంగీతం. అర నిమిషం అయినంక ‘ఏ దుకాణం? ఏ ఊరు? ఏమమ్ముతరు?’ అని అడిగి, చెప్పినోళ్లకు చాయ్ తాపిస్తనని పందెం కాస్తున్న. ఇప్పటిదాక నా జేబులోంచి పైస కదల్లేదు.

మా రోజుల్లో ఇట్ల ఉండకపోయేది. నేను జనగామలో బోర్డులు రాసి బతికినోణ్ని. షటర్ల మీద పేర్లు, గోడల మీద ఎరువుల ప్రకటనలు, ఎన్నికలొస్తే గుర్తులు. వీటితో పాటు సినిమా హాళ్లకు స్లైడ్లు. ఇంటర్వెల్లో జనం సోడా కోసం లేచే ముందు తెర మీద ‘పెండ్లి బట్టలకు’, ‘నేతి మిఠాయిలకు’ అని పడే అక్షరాలన్నీ నాలాంటోళ్ల చేతిరాతే.

స్లైడ్ అంటే అప్పట్లో అరచేయంత గాజు పలక. దాన్ని సుద్దపొడితో మెరిసేదాక తుడిచి, నల్లరంగు పలుచగ పూసి, నీడకు ఆరబెట్టేది. ఆరినంక సూదిమొనతో అక్షరాలు గీకేది. ఎక్కడ గీకితే అక్కడి నుంచే వెలుతురు పోయి తెర మీద అక్షరమైతది, మిగతాదంతా చీకటే. ఎరుపో పసుపో కావాల్నంటే వెనుక రంగు గ్లాసుకాగితం పెట్టి, పైన ఇంకో పలక మూసి, నాలుగు అంచులకు నల్లకాగితం అంటించేది. ‘క్ష్మి’ గీకేటప్పుడు ఊపిరి బిగబట్టేది. ఒత్తు దగ్గర సూది జారిందంటే పలక మొత్తం కడిగి మళ్లీ మొదటికి. లక్ష్మి పేరు లేని బజారు మన దిక్కు ఎక్కడుంటది? అందుకే ఆ అక్షరానికి నా చెయ్యి బాగ తిరిగింది.

ఆ పలక ఆపరేటర్ గదికి పోతది. అక్కడ రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే వెలుతురు ముందర దాన్ని తలకిందులుగ నిలబెట్టాలె, అప్పుడే తెర మీద నిటారుగ పడతది. ఆపరేటర్ ఏదో ధ్యాసలో నేరుగ పెట్టిండా, నేల టికెట్టు నుంచి బాల్కనీ దాక ఒకటే ఈలలు. ఎక్కువసేపు ఉంచితే వేడికి రంగు పొంగుతది, గాజు చిట్లుతది. తక్కువసేపు ఉంచితే దుకాణపాయన ఊకోడు. అందుకే మాకొక కొలత ఉండె. ఆపరేటర్ ఆ మాటల్ని మెల్లగ రెండుసార్లు చదువుకొని, అప్పుడు పలక తీయాలె. మొదటిసారి చదువొచ్చినోడి కోసం. రెండోసారి, ఆ చదువొచ్చినోడు పక్క సీటులో ఉన్నోళ్లకు చదివి చెప్పడం కోసం. 1991 జనాభా లెక్కల్లో కూడ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 44 శాతమే. అంతకు ముందటి సంగతి మీరే ఊహించుకోండ్రి. బిందె కొనే ఇల్లాలికి అక్షరం రాకపోవచ్చు, పైసలు మాత్రం ఆమె కొంగుకే ముడేసి ఉంటయి.

కూలికి ఇంకో కొలత. అక్షరానికి ఇంత అని. ‘శ్రీ’కి మాత్రం పైసలు తీసుకునేటోణ్ని కాదు. ఇత్తడి దుకాణం సావుకారి పొడుగు కాగితం పట్టుకొచ్చేటోడు. ‘మా వద్ద అన్ని రకముల ఇత్తడి, రాగి, కంచు, స్టీలు మరియు అల్యూమినియం పాత్రలు సరసమైన ధరలకు హోల్‌సేల్ మరియు రిటైల్‌గా లభించును, ఒకసారి విచ్చేసి మా సేవలను స్వీకరించగలరు’ అని ఉండేది. నేను వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టి మొత్తం చెప్పేటోణ్ని. ఆయన మొఖం మారేది. ‘మరియు తీసెయ్’ అనేటోడు. ఆ తర్వాత ‘సరసమైన ధరలు తీసెయ్, పిరంగ అమ్ముతనని ఎవడన్న రాసుకుంటడా?’ అనేటోడు. తీయంగ తీయంగ దుకాణం పేరు కింద రెండే మాటలు మిగిలేవి: ‘పెండ్లి సామాను. స్టేషన్ ఎదురుంగ.’ తన వ్యాపారం అసలు ఏందో సావుకారికి తెలిసొచ్చేది నాతో బేరమాడేటప్పుడే.

అప్పుడు జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడూ వరంగల్ జిల్లానే. 2016 అక్టోబర్ 11న, దసరా నాడు, మూడూ మూడు జిల్లాలయినయి. రైల్వే బోర్డు మీద మహబూబాబాద్ అని ఉన్నా మా నోటికి మానుకోటనే. జనగామలో బండెక్కితే కాజీపేట మీదుగ మానుకోటలో దిగొచ్చు. భూపాలపల్లికి రైలు లేదు, హన్మకొండ నుంచి పరకాల మీదుగ బస్సే. స్లైడ్ల డబ్బా ఒళ్లో పెట్టుకొని, గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకి లేపి పట్టుకునేది.

దుకాణం ఒక్కటే అయినా మూడు ఊర్లకు ఒకే స్లైడ్ రాస్తే నా గురువు నా చెయ్యి విరగ్గొట్టేటోడు. మానుకోట మిర్చి ఊరు. కాయ ఎండి మార్కెట్టుకొచ్చేది జనవరి నుంచి ఏప్రిల్ దాక. రైతు చేతిలో పైసలాడేది అప్పుడే, బిడ్డ పెండ్లి ముచ్చట కదిలేది అప్పుడే. నడుమ శివరాత్రికి కురవి వీరభద్రస్వామి జాతర. ఆ నెలల్లో మానుకోట తెర మీద పెండ్లి సామాను తప్ప వేరే మాట ఉండొద్దు. భూపాలపల్లిది సింగరేణి లెక్క. జీతం నెలనెలా పడతది, దసరా ముందర లాభాల వాటా, దీపావళికి బోనస్. పండుగకు సొంతూరికి పోయేటోళ్లు తల్లికో చెల్లెకో ఏదన్న తీసుకపోవాలె. పొద్దటి షిఫ్టు, పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు అని మనుషులు వేరువేరు గంటలకు ఖాళీ అయితరు. అక్కడి స్లైడ్ మీద దుకాణం ఎప్పటిదాక తెరిచి ఉంటదో రాయాలె, సరుకు పేరు తర్వాత సంగతి. ఇక జనగామ. పక్కనే పెంబర్తి, ఇత్తడి రేకు మీద దేవుళ్లను దించే ఊరు, 2010లో భౌగోళిక గుర్తింపు కూడ వచ్చింది. జనగామోడికి ఇత్తడి గురించి చెప్పబోతే వాడే నాలుగు మాటలు మనకు చెప్తడు. అక్కడ ‘పాత ఇత్తడి తీసుకుంటం’ అన్న ముక్క ఒక్కటి చాలు.

ఇప్పుడు మా మేనల్లుడు ఇత్తడి, స్టీలు సామాను దుకాణం నడుపుతుండు. జనగామది పాతది, మానుకోటలో, భూపాలపల్లిలో కొత్తగ తెరిచిండు. ఒకనాడు వచ్చి ‘మామా, ముప్పై సెకన్ల స్లైడ్ షో యాడ్ కావాలె. వాట్సాప్ స్టేటస్‌కు, లోకల్ కేబుల్‌కు, చౌరస్తాలో ఎల్‌ఈడీ తెరకు. నీకెట్లాగు స్లైడ్లు అలవాటే గదా. మూడు ఊర్లకూ ఒక్కటే చాలు’ అన్నడు. ఆ ‘ఒక్కటే చాలు’ దగ్గరనే నాకు కాలింది. డిగ్రీ చదివే నా మనుమరాలిని నాకు పంతులమ్మగ కుదిర్చిపోయిండు.

సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఎడమ దిక్కు తెచ్చిన ఫోటోలు, కుడి దిక్కు బొమ్మ ఎట్లొస్తదో చూపించే చిన్న తెర, కింద ఈ చివర నుంచి ఆ చివర దాక టైమ్‌లైన్. ఒక వరుసలో ఫోటోలు, దాని మీది వరుసలో అక్షరాలు, కింది వరుసలో సంగీతం. మీది వరుసలో ఉన్నది కింది వరుసను కప్పుతది. రంగుకాగితాలతో ఏండ్ల తరబడి పనిచేసినోడికి ఇది ప్రత్యేకంగ చెప్పాల్సిన పని లేదు, పంతులమ్మ కొంచెం నిరాశపడ్డది. ఫోటో అంచు పట్టుకొని గుంజితే తెర మీద ఎక్కువసేపు ఉంటది, నూకితే తక్కువసేపు. మన టీవీ లెక్కలో సెకనుకు 25 ఫ్రేములు, సినిమాకైతే 24. ముప్పై సెకన్లంటే 750 ఫ్రేములు. ఒక్కో ఫోటోకు 5 సెకన్లిస్తే ఆరు ఫోటోలు. ఆరు స్లైడ్లంటే మస్తు! నేను సంబరపడేలోపు అది నలభై ఫోటోలు ఎక్కించి పెట్టింది.

‘ఐదు సెకన్లా? గింత మెల్లగైతే ఎవరు చూస్తరు తాతా? వేలుతో పైకి నూకేస్తరు.’

‘నూకేసేటోడికి నలభై చూపిస్తే ఆగుతడా బిడ్డా? వాడు ఎట్లయినా కొనడు. బిందె కావాల్సినామె ఆగుతది. ఆమె ఆగినప్పుడు బిందె తెర మీద లేకపోతే ఎట్ల?’

దానికి నా మాట ఎక్కలేదు. టెంప్లేట్ అని ఇంకోటి తెరిచింది. ఎవరో ముందే తయారుచేసి పెట్టిన అచ్చు అది. ఫోటోలు అందులో పడేస్తే అదే కోసుకుంటది, అదే తిప్పుకుంటది, అదే సంగీతం కలుపుకుంటది. ఒకే అచ్చులో నగల దుకాణం, కోచింగ్ సెంటర్, పుట్టినరోజు, ఎమ్మెల్యే గారి శుభాకాంక్షలు అన్నీ వస్తున్నయి. ఇక ఒక ఫోటో నుంచి ఇంకో ఫోటోకు పోయే ట్రాన్సిషన్లయితే ఓ పెద్ద అంగడి. పేజీ తిప్పినట్టు, కిటికీ తెరిచినట్టు, గాజు పగిలినట్టు, మంట లేచినట్టు. ఉచితంగ ఉన్నయి గదా అని పిల్లలు ప్రతి ఫోటోకూ ఒకటి తగిలిస్తరు. పెండ్లి సామాను ప్రకటనలో మంటలు ఎందుకమ్మా అంటే ‘ఎఫెక్ట్ తాతా’ అంటది.

ఈ పనిముట్లు మన చేతికి రావడానికి పట్టిన కాలం తెలిస్తే కొంచెం భయంతో వాడుదురు. దూరదర్శన్‌లో వ్యాపార ప్రకటనలు మొదలైంది 1976లో. సబ్బుల కంపెనీలకే తప్ప జనగామ సావుకారికి ఆ మెట్లెక్కే స్తోమత లేదు. తర్వాత పెండ్లి వీడియోల కాలం. రెండు వీసీఆర్లు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో ఆడించుకుంట ఇంకోదాంట్లోకి ఎక్కించేటోళ్లు. మధ్యలో ఒక ముక్క తీసెయ్యాల్నంటే అక్కడి నుంచి చివరిదాక మళ్లీ ఎక్కించుడే, ఎక్కించిన కొద్దీ బొమ్మ మసకబారుడే. అడోబ్ ప్రీమియర్ 1991లోనే వచ్చింది, గానీ దాన్ని మోసే కంప్యూటర్ మా దిక్కు ఎవరింట్ల ఉండె? 2000లో మైక్రోసాఫ్ట్ వాళ్లు విండోస్‌తో పాటు మూవీ మేకర్ ఊకెనే ఇచ్చిన్రు, 2017 జనవరిలో ఆపేసిన్రు. ఇప్పుడు ఫోనులోనే కైన్‌మాస్టర్, ఇన్‌షాట్. సినిమావాళ్లు వాడే డావిన్చీ రిజాల్వ్‌కు కూడ పైసలు కట్టే అవసరం లేని రకం ఒకటుంది. పనిముట్టు అగ్గువైంది, సంతోషం. దాంతో పాటు పని కూడ అగ్గువైంది, నా ఏడుపంతా అదే.

బొమ్మ ఎంతసేపు నిలవాలె అన్నదాని మీద తాతామనుమరాళ్లకు పెద్ద పంచాయితీ అయింది. అప్పుడు దానికి చేర్యాల పటం సంగతి చెప్పిన. చేర్యాల జనగామ పక్కనే. జిల్లాల పంపకంలో సిద్దిపేటకు పోయింది గానీ అసెంబ్లీ లెక్కలో ఇప్పటికీ జనగామ నియోజకవర్గమే. అక్కడి నకాషీ కళాకారులు ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, గంజి, సుద్దమట్టి కలిపి పూసి, ఆరినంక ఎర్రటి నేల మీద బొమ్మలు వేసేటోళ్లు. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడుగు పటం. పొడుగునా గళ్లు గీసి, ఒక్కో గడిలో కథలోని ఒక్కో ఘట్టం. కాకిపడిగెలోళ్లు, కూనపులోళ్లు, డక్కలోళ్లు ఊరూరా తిరిగి ఆ పటం విప్పుకుంట కథ చెప్పేది. ఒక్కో కులానికి ఒక్కో పురాణం: పద్మశాలీలకు మార్కండేయ పురాణం, మాదిగలకు జాంబపురాణం. కథకుడు కర్రతో బొమ్మను చూపిస్తడు, పాడుతడు, వివరిస్తడు, చూసేటోళ్లు ఆ గడిలో ఏముందో తనివితీర చూస్తరు. అక్కడి కథ అయిపోయినంకనే పటం జరుగుతది. వినేటోళ్లు అడిగితే అక్కడే ఇంకొంచెంసేపు ఆగుతది. జనగామ దిక్కు స్లైడ్ షో కంప్యూటర్‌తో మొదలైందని ఎవరన్న అంటే నేనొప్పుకోను.

‘మరి బొమ్మ ఊకె నిలబడితే బోరు కాదా?’ అన్నది. కదలాల్నంటే కదిలే పద్ధతీ ఉన్నది. అమెరికాలో కెన్ బర్న్స్ అని డాక్యుమెంటరీలు తీసేటాయన. 1990లో ‘ది సివిల్ వార్’ అని తమ దేశపు అంతర్యుద్ధం మీద తీసిండు. అప్పటి యుద్ధానికి కదిలే బొమ్మలెక్కడివి? అన్నీ పాత ఫోటోలే. వాటి మీద కెమెరాను మెల్లగ నడిపించిండు, ఒక మొఖం దగ్గరికి చేరేదాక. ఆ పద్ధతికి యాపిల్ వాళ్లు తమ సాఫ్ట్‌వేర్‌లో ఆయన పేరే పెట్టిన్రు. నీ సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ మీట ఉన్నది, కీఫ్రేమ్ అని. మొదట ఎక్కడుండాలె, చివరికి ఎక్కడుండాలె అని రెండు గుర్తులు పెడితే మధ్య దూరం అదే నడుస్తది. పెంబర్తి పళ్లెం ఫోటో తీసుకొని, మొదటి గుర్తు పళ్లెం మొత్తానికి పెట్టిన, రెండోది నడుమ నెమలి మెడ మీద సుత్తి దెబ్బలు కనిపించే చోట. ఐదు సెకన్లు. దెబ్బ దెబ్బకూ వెలుతురు వేరేగ మెరుస్తుంది. పిల్ల నోరు మెదపలేదు. నిప్పురవ్వలు కలుపుదామని కూడ అనలేదు.

ఆ తర్వాత తెలుగు రాయబోయినం. ఇది అన్నిటికన్న పెద్ద గోస. ‘ఇత్తడి’ అని కొడితే తకారం కింద ఒత్తు కూర్చోకుండ పక్కకు జరిగి నిలబడ్డది. ‘స్టీలు’లో సకారం ఒక దిక్కు, టీ ఒక దిక్కు. వియ్యపురాలు అలిగిన పెండ్లి పందిరే. పిల్లను అడిగితే కారణం చెప్పింది, ఆ ముక్క మాత్రం నాకు నచ్చింది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటున్నది గానీ, అందులో అక్షరం ముక్కలుగ ఉంటది. ‘స్త్రీ’ అంటే సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం అని ఆరు ముక్కలు. వాటిని ఒక్క అక్షరంగ కూర్చే పని సాఫ్ట్‌వేర్ చేయాలె. ఇంగ్లీషును మనసులో పెట్టుకొని కట్టిన వాటికి ఆ ఓపిక ఉండదు, ముక్కల్ని వరుసగ పేర్చి చేతులు దులుపుకుంటయి. సూదితో ‘క్ష్మి’ గీకినోడి ముందర ఈ వేషాలా! చివరికి ఒక ఉపాయం దొరికింది. ఒత్తులు సరిగ కూర్చునే వేరే సాఫ్ట్‌వేర్‌లో మాట రాసి, వెనుక రంగు లేకుండ బొమ్మగ దాచి, దాన్ని తెచ్చి ఫోటో మీది వరుసలో పెట్టుడు. అచ్చం గాజు పలకే. రామభద్ర, మండలి లాంటి మంచి తెలుగు ఫాంట్లు ఉచితంగనే దొరుకుతయి. అయినా పిల్లలు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేది ఎందుకంటే, ఈ ఒత్తుల పంచాయితీ ఎవరు తెంపాలె అనే. అలసట కొద్దీ భాష వదిలిపెడుతున్నరు.

సంగీతం దగ్గర ఇంకో తగువు. మేనల్లుడు కొత్త సినిమా పాట పెట్టమన్నడు. సినిమా పాటకు హక్కుదారులుంటరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం వ్యాపార ప్రకటనలో వాడాల్నంటే అనుమతి కావాలె. ‘అందరూ పెడుతున్నరు గదా మామా’ అన్నడు. అందరూ సిగ్నల్ దాటుతున్నరు గూడ. హక్కుదారులు పట్టుకుంటే వీడియో గొంతు మూసేస్తరు, పెండ్లిళ్ల సీజన్ నడుమ మూగ యాడ్ ఏం చేసుకుంటవు? మాట చెప్పడానికి యంత్రం గొంతు ఉన్నదని పిల్ల వినిపించింది. వార్తలు చదివినట్టు, ఊరూ పేరూ లేని తెలుగు. మానుకోట అంగట్ల ఏ మనిషన్న అట్ల మాట్లాడుతదా? దుకాణంలో సామాను తూకమేసే ఆమెను పిలిచి, ఫోనులో చెప్పించిన. ‘పెండ్లి సామాను తూకానికిస్తం, మీ ముందరనే తూస్తం’ అన్నది ఒకటే ఊపులో. దానికి మించిన సంగీతం ఏముంటది?

ఇక ఆ చుక్క గుర్తు. ‘50 శాతం తగ్గింపు’ అని అరచేయంత అక్షరాలు, పక్కన చుక్క, కింద చీమ తలకాయంత ‘షరతులు వర్తిస్తయి’, అది కూడ ఇంగ్లీషులో. మా స్లైడ్ మీద సూదికి ఆ సైజు అక్షరం ఎక్కకపోయేది, అందుకని మా సావుకార్లు నిజాయితీపరులైన్రు. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రకటనలో ఆశ పెట్టిన మాట ఏ భాషలో ఉంటే షరతూ ఆ భాషలోనే, ఆ అక్షరాల తీరులోనే ఉండాలని. మేనల్లుడికి ఇది చెప్పి, షరతును కూడ తెలుగులో, రామభద్ర ఫాంటులోనే పెట్టిన. తెర నిండిపోయింది. ‘గిట్లైతే తగ్గింపు మాటే తీసేద్దాం’ అన్నడు. తీసేసినం.

క్యూఆర్ కోడ్ పెట్టమని పట్టుబట్టిండు. ఆ వీడియో చూసేది ఫోనులో. చేతిలోని ఫోనుతో అదే ఫోను తెరను స్కాన్ ఎట్ల చేస్తరో నాకు చూపియ్యమన్న. ఇంకా ఆలోచిస్తనే ఉన్నడు. చౌరస్తా తెర మీద పెట్టినా అదే కథ. బండి మీద పోయేటోడు ఫోను తీసి గురిపెట్టే లోపు వెనుక లారీ హారన్ కొడతది. ‘బస్టాండు పక్క సందు, వేపచెట్టు’ అని రాస్తే చిన్నపిల్లగాడు కూడ వస్తడు గదా! ఆ పైన తెర కొలతలు. కేబుల్‌కు అడ్డం, 16:9. స్టేటస్‌కు నిలువు, 9:16. నిలువు వీడియోనే తెర నింపి అక్కడా ఇక్కడా వాడితే అడ్డందాంట్లో బిందె మూతి, బిందె అడుగు రెండూ తెగిపోయి నడుము మిగులుతది.

నేను మారిన కాలాన్ని అంతా తిట్టిపోయడం లేదు. ఫోన్ నంబరు మారితే పలక కడిగే పని లేదు, అంకె దిద్దితే చాలు. వీడియో భూపాలపల్లికి పోవడానికి పరకాల బస్సు అక్కర్లేదు. మా స్లైడ్ మీద అసలు వస్తువు ఫోటో ఎక్కించుడు తలకు మించిన పని, అక్షరాలతోనే ఆశ పుట్టించాలె. ఇప్పుడు సుత్తి దెబ్బ కూడ కనిపిస్తది. అన్నిటికన్న పెద్ద లాభం ఇంకోటున్నది. మానుకోట చుట్టూ తండాలే తండాలు. మా స్లైడ్లన్నీ తెలుగులోనే, తండా ఆడమనిషికి పక్క సీటాయన దయ తలిస్తేనే సంగతి తెలిసేది. ఇప్పుడు అదే ఆరు ఫోటోల కింద గొంతు ఒక్కటి మారిస్తే లంబాడీ మాటలో ప్రకటన తయారు. మానుకోట దుకాణంలో పనిచేసే తండా పిల్లతోనే చెప్పించినం. మా రోజుల్లో ఆ వసతి ఉంటే నేను ఇల్లు కట్టేటోణ్ని.

చివరికి మూడు ఊర్లకు మూడు ప్రకటనలు తయారైనయి. ‘ఒక్కటే చాలు’ అన్న మాట ఎటుపోయిందో తెలియదు. టైమ్‌లైన్‌ను నకలు తీసి, రెండు ఫోటోలు, ఒక వరుస అక్షరాలు మారిస్తే అయిపోయే పని. ఇంత సులువు చేతిలో పెట్టుకొని అందరికీ ఒకే అచ్చు పంచుతున్నరే, అదీ నాకు కడుపులో మంట. మిర్చి రైతుకూ బొగ్గు కార్మికుడికీ జనగామ బేరగాడికీ వేరువేరుగ మాట చెప్పడానికి మేము గాజు పలకలు మోసినం. వీళ్లు మీట నొక్కడానికి బద్ధకిస్తున్నరు.

ఎక్స్‌పోర్ట్ అని నొక్కినంక కూడ పంపనియ్యలేదు. ఫోనులో శబ్దం తీసేసి వీధిలో కూరగాయలమ్మే ఆమెకు చూపించిన. ‘ఇత్తడి బిందెలు, పాతయి తీసుకుంటరట, ఎక్కడనో వేపచెట్టుకాడ’ అన్నది. ఆమెకు చదువు రాదు. పాత బిందె ఇచ్చి కొత్తది తీసుకునే ఫోటో చూసి చెప్పింది, వేపచెట్టు ఫోటో చూసి చెప్పింది. అప్పుడు పంపమన్న. మీరు ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నా సరే, ఈ పరీక్షకు డౌన్‌లోడ్ అక్కర్లేదు.

కూలి దగ్గరికొస్తే మేనల్లుడు నవ్విండు. ‘సాఫ్ట్‌వేర్ ఊకెనే వచ్చింది గదా మామా, ఫోటోలు నా ఫోనులోయే, నీకు ఖర్చేమైంది?’ అన్నడు. సూది కూడ నాకు ఊకెనే వచ్చింది, మా అమ్మ కుట్టుపెట్టెలోది. ఆ మాట చెప్పినా వాడికి ఎక్కేటట్టు లేదు. అందుకని ఇక మీదట వచ్చేటోళ్లకు రేటు కాగితం రాసి గోడకు అంటించిన. పెట్టే ప్రతి అక్షరానికి రూపాయి. నేను తీసేసే ప్రతి అక్షరానికి రెండు రూపాయలు. నిప్పురవ్వలు కావాల్నంటే వంద, ముందుగాల కట్టాలె. ‘శ్రీ’ మాత్రం ఎప్పటిలెక్కనే ఉచితం.